డ్రైవరు వెనక సీటు

"బయల్దేరే ముందు ఒక్క నిమిషం ఆగు బాబూ."

తాళం తిప్పబోతున్న డ్రైవరుకి ఒళ్ళు మండింది. పొద్దున్నే మొదటి ట్రిప్పు. బస్సు సగం ఖాళీ. ఈ ముసలావిడ మాత్రం సరిగ్గా తన వెనక సీట్లోనే కూర్చుంటుంది.

"ఎందుకు ఆగాలి?"

"ఇదివరకు ఆగేవాడివటగా. స్టీరింగు మీద తల ఆనించి ప్రార్థన చేసుకునేవాడివట."

నిజమే. ఒక సైకిలతను తన బస్సు కింద పడేదాకా రోజూ చేసుకునేవాడు.

ప్రమాదమేనని కోర్టు డ్రైవర్ని వదిలేసింది. అతనే తనను తాను వదల్లేదు. విచారణ జరిగినన్నాళ్ళూ దించిన తల తర్వాత కూడా ఎత్తలేదు. మనుషుల ముఖాలు చూడటం మానేశాడు. ప్రార్థన మానేశాడు. చర్చి పెద్దలు ఇంటికొస్తే మొహం మీదే తలుపేశాడు. రాత్రి పడుకున్నప్పటి కంటే పొద్దున్న లేచినప్పుడే ఎక్కువ అలసటగా ఉండేది.

"చర్చివాళ్ళు పంపారా నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

అబద్ధం అనుకున్నాడు.

కండక్టరుకి మాత్రం ఆవిడంటే సరదా.

"తమాషా చూశావా అన్నా? మామ్మ చర్చి స్టాపులో దిగుతుంది. లోపలికి మాత్రం పోదు. వచ్చిన దారినే ఇంటికి నడుస్తుంది. టికెట్టు కొని మరీ వాకింగు!"

"వాకింగు కాదు, నామీద నిఘా."

అయినా ఆవిడతో వాదించే ఓపిక లేక రోజూ ఆగేవాడు. ప్రార్థన చేసేవాడు కాదు. వైపరు వంక గుర్రుగా చూస్తూ కూర్చునేవాడు. అద్దంలో ఆవిడ ముఖం కనబడేది కాదు. ముందున్న కమ్మీని పట్టుకున్న చెయ్యి మాత్రం కనబడేది. మొదట వేళ్ళు పాలిపోయేంతగా బిగిసి ఉండేది. నిమిషమయ్యేసరికి మెల్లగా వదులయ్యేది.

కీళ్ళ నొప్పులనుకున్నాడు.

"నిన్న ఆగాను కదా. మళ్ళీ ఏంటి?" అని ఒకరోజు కసిరాడు.

"నిన్నటిది నిన్నే అయిపోయింది బాబూ."

"నేను ప్రార్థనేం చెయ్యట్లేదు, తెలుసా?"

"నీ ఇష్టం. ఆ నిమిషం నాక్కావాలి."

"నీకు కావాలంటే నీ ఇంట్లో కూర్చుని చేసుకో!"

"ఇంట్లో కుదరటం లేదు."

కండక్టరు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు డ్రైవరు మనసులో ముల్లులా దిగింది. ఆ రోజంతా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

మర్నాడు ఆవిడ ఇంకా నోరు తెరవకముందే వెనక్కి తిరగకుండా అరిచాడు.

"నీకు కొడుకుల్లేరా? ఉంటే పోయి వాళ్ళ నెత్తిన కూర్చో! నా ప్రాణం తియ్యకు!"



అద్దంలో ఆ చెయ్యి కమ్మీ మీద బిగిసింది. ఎంతసేపటికీ వదులు కాలేదు.

"ఇవాళ రెండు నిమిషాలు కావాలి బాబూ," అంది చివరికి. గొంతు వేరేగా ఉంది.

అతను ఆగలేదు. గేరు వేసి బస్సుని ఒక్క కుదుపు కుదిపాడు.

ఆ తర్వాతి రోజు వేళ కాకముందే బండి తీశాడు.

"అన్నా, మామ్మ! పరుగెత్తుకొస్తోంది పాపం. ఇంకా టైమవలేదు కదా!"

"నా గడియారంలో అయింది."

అద్దంలో ఆవిడ దూరంగా, చిన్నగా కనబడింది. ఎత్తిన చెయ్యి మాత్రం దించలేదు.

మళ్ళీ రాలేదు.

పీడ విరగడైందనుకున్నాడు. కానీ తాళం దగ్గర చెయ్యి దానంతటదే ఆగిపోతోంది. వెనక నుంచి ఎవరూ ఏమీ అనటం లేదు. పొద్దున్నే లేవడానికి ఇన్నాళ్ళూ ఆవిడ మీద కోపమైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. బండి నడపటం మానేస్తానని డిపోలో చెప్పేద్దామనుకున్నాడు.

అలా అనుకున్న పొద్దున్నే అద్దంలో మళ్ళీ చెయ్యి కనబడింది. వయసులో ఉన్న చెయ్యి. కమ్మీని విరిచేస్తుందా అన్నట్టు పట్టుకుంది.

"బయల్దేరే ముందు ఒక్క నిమిషం ఆగాలట మీరు," అంది ఒక ఆడమనిషి. గొంతులో మర్యాద ఉంది, మెత్తదనం లేదు.

"ఇంకొకర్ని పంపారా? ఆ ముసలావిడేదీ?"

"పోయింది. ఆదివారం. చాన్నాళ్ళుగా గుండె జబ్బు."

అప్పటికే ఇంజను మోగుతోంది. అతను గేరు మీంచి చెయ్యి తీశాడు.

"మీరెవరమ్మా? ఏ చర్చి?"

"ఏ చర్చీ పంపలేదు. నేను ఆవిడ కోడల్ని. కోర్టులో ఇద్దరం మీకెదురుగానే కూర్చున్నాం. మీరు తలెత్తితేగా!"

అతను తిరిగి చూశాడు. ఎన్నాళ్ళకో ఒక మనిషి ముఖం. ఆ కళ్ళలో జాలి లేదు.

"నాకు ఆవిడంత ఓపిక లేదు," అందామె. "ప్రయత్నిస్తానని మాటిచ్చాను, అంతే. ఇంజను ఆపండి."

ఆపాడు.

"ఆవిడ... రోజూ నా బస్సే ఎందుకెక్కేది?"

ఆమె కమ్మీ వంక చూస్తూ చెప్పింది.

"మీ బస్సు కింద పడింది ఆవిడ కొడుకు. రాత్రి మిమ్మల్ని క్షమించి పడుకునేది, తెల్లారేసరికి కోపం మళ్ళీ మొదటికొచ్చేది. అందుకే పొద్దున్నే వచ్చి మీ వెనక కూర్చుని, దేవుణ్ణి అడుక్కుని, ఏ రోజుకారోజు మిమ్మల్ని కొత్తగా క్షమించి దిగిపోయేది."