ఆదివారం మంచి కబురు

ఆదివారం పొద్దున్నే టీచరమ్మ గొంతు గ్రూపులోకి వెళ్ళింది.

“పిల్లలూ, ఈ వారం మీ మంచి కబుర్లేమిటి? పెద్దవే కానక్కర్లేదు. తెగిన చెప్పు అతుక్కుందన్నా వింటాను. చెప్పనివాళ్ళని బెంచీ ఎక్కిస్తాను, ఆనక నన్ననొద్దు.”

కాస్త ఆయాసం. తర్వాత, పక్కనున్న మనిషితో అన్నట్టు, మెల్లగా: “ఇంక చాలండి. ఆపెయ్యండి.”

ఆ చివరి ముక్క కత్తిరించడానికి ఆవిడ భర్త మాస్టారికి చేతులు రాలేదు. అలాగే పంపేసి, ఫోను బల్లమీద పెట్టి ఎదురుగా కూర్చున్నారు.

అది చూపులేని విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే వాళ్ళ గ్రూపు. తలో ఊళ్ళో ఉంటారు. ఒకరి ఇల్లు ఒకరెరగరు. చదివేవాళ్ళు సగం, విని తప్పులు పట్టేవాళ్ళు సగం. వినేవాళ్ళలో చాలామందికి కళ్ళు కనపడవు. అందుకని అక్కడ ఎవరూ అక్షరం ముక్క రాయరు. పలకరింపైనా పోట్లాటైనా గొంతుతోనే.

జీతం లేని పని. భళా అనేవాళ్ళు కూడా లేని పని. ఉత్సాహంగా చేరినవాళ్ళు ఒక్కొక్కరే జారుకుంటుంటే, టీచరమ్మే ఈ ఆదివారం కబుర్లు మొదలుపెట్టింది. వారానికి ఒక్క మంచి మాట, అదీ తమ సొంతది.

“మంచి కబుర్లకి హాజరు వేస్తావేమిటోయ్?” అని మాస్టారు అప్పట్లో వేళాకోళం చేశారు.

“లెక్కల మాస్టారికి ఏం తెలుస్తుంది లెండి. మంచి జరక్క కాదు, అడిగేవాళ్ళు లేక చెప్పరు మనుషులు,” అందావిడ.

నిజమే. అడిగితే చెప్పారు. గడియారాలు బాగుచేసే తాత, ఎన్నాళ్ళనుంచో మొండికేసిన గోడగడియారం దారికొచ్చిందని ఏకంగా దాని గంటే వినిపించాడు. తన వార్డులోని ముసలాయన ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచి ఇంటికెళ్ళాడని నర్సు చెప్పింది. టెలిఫోను ఆపరేటరుకి పుట్టుకతోనే చూపు లేదు. తప్పులు పట్టడంలో దయాదాక్షిణ్యాలు లేని మనిషి. చదివేవాళ్ళ వెనక కుర్చీ కిర్రుమన్నా సరే, పాఠం మళ్ళీ చదవమనేది. ఆవిడ కూడా ఆదివారం మెత్తబడేది.

పోయిన వానాకాలంలో టీచరమ్మ మంచం పట్టింది. మంచం కిటికీ పక్కకి జరిపించుకుంది. కిటికీకి పైన రేకు. వాన పడితే గదంతా ఒకటే మోత. ఆ మోతలోనే మాస్టారి దగ్గర మాట తీసుకుంది.

“ఆదివారం కబురు ఆగకూడదండీ. ఆగిందా, చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతారు. ఆ పిల్లలకి పుస్తకాలు చదివి పెట్టేదెవరు?”

“ఆగదు,” అన్నారు మాస్టారు.

ఆగలేదు. ఒక్క ఆదివారం కూడా తప్పకుండా టీచరమ్మ గొంతు వెళ్తూనే ఉంది.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. అదే రేకు వేడికి టపటపమంటోంది. జవాబులు మాత్రం ఈమధ్య పలచబడ్డాయి. మొదట్లో అందరూ అమ్మగారికి ఎలా ఉందని అడిగేవాళ్ళు. ఈమధ్య ఆ మాటే ఎవరూ ఎత్తడంలేదు. మరిచిపోతున్నారు కాబోలని మాస్టారు లోలోపల నొచ్చుకున్నారు.

ఈ రోజైతే మధ్యాహ్నం దాటినా ఒక్కరూ పలకలేదు. అందరూ విన్నారని ఫోను చూపిస్తోంది. విని ఊరుకున్నారు.

మాస్టారికి కాలూ చెయ్యీ ఆడలేదు. ఇచ్చిన మాట ఈవేళ్టితో నీళ్ళపాలయ్యేలా ఉంది. తాతకి ఫోను చేశారు. ఎత్తలేదు. నర్సు ఎత్తింది.

“ఏమ్మా, డ్యూటీలో ఉన్నావా?”

“లేదు మాస్టారూ, ఇంట్లోనే. మీరు భోంచేశారా?”

“చేస్తాలే. కబురు పెట్టలేదేం?”

“ఈ వారం ఏం తోచడంలేదు మాస్టారూ.”

“ఏదో ఒకటి చెప్పమ్మా. కల్పించి చెప్పినా పరవాలేదు.”

తప్పు జవాబుకి ఏ విద్యార్థికీ అరమార్కు కూడా వెయ్యని మనిషి ఆయన. ఆ మాట తన నోటినుంచే వచ్చిందంటే ఆయనకే నమ్మకం కలగలేదు.

“మీ టీచరమ్మ ఎదురుచూస్తోందమ్మా,” అన్నారు. అంటూ మంచం వైపు చూశారు. దుప్పటి ముడత పడకుండా ఉంది.

“సరే మాస్టారూ. చెప్తాను. అందరికీ నేను చెప్తాను. మీరు ముందు భోంచెయ్యండి.”

సాయంత్రం ఫోను కదిలింది. ముందు తాత గడియారం గంట. ఆ వెనకే నర్సు: మేడమీద ఎండిపోయిందనుకున్న మొక్క మొగ్గ వేసిందట. ఎవరో పరీక్ష గట్టెక్కారు. ఎవరి పాపకో పన్ను ఊడింది. ఒకరి మాట ముగియకముందే ఇంకొకరిది.

మాస్టారు ఫోను శబ్దం పెంచి, మంచం వైపు తిప్పి పెట్టారు.

“విన్నావుటోయ్? అందరూ హాజరు,” అన్నారు.

అన్నారే గానీ, వెంటనే వచ్చే ఆదివారం గుర్తొచ్చింది. ఈ వారం గడిచింది. వచ్చే వారం ఏ గొంతు పంపాలి?

అప్పుడు వచ్చింది టెలిఫోను ఆపరేటరు కబురు. గ్రూపులోకి కాదు, ఆయనొక్కరికే.

“మాస్టారూ, బయట ఇంత ఎండ కాస్తున్నా ప్రతి ఆదివారం అమ్మగారి మాట వెనక రేకు మీద వాన కురుస్తూనే ఉంది, ఆవిడ లేరని మాకెప్పుడో తెలుసు, దాచిపెట్టిన ఆవిడ మాటలు ఈవేళ్టితో అయిపోయుంటే మళ్ళీ మొదటిది పెట్టండి, మేమూ మళ్ళీ మొదటినుంచి చెప్తాం.”