అచ్చుగుద్దినట్టు

"మళ్లీ కలవలేదు," అన్నాడు విచారణాధికారి స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే. "ఇది నాలుగోసారి."

చెల్లెలు కుర్చీని స్క్రీన్ దగ్గరికి లాక్కుంది. గది మూలన కుర్చీలో, మెడలో ఐడీ కార్డు లేకుండా కూర్చుని ఉన్నాడు అన్నయ్య. ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఆమెలాంటి మూడొందల మంది తలో ముక్కా కోడ్ రాస్తారు; ఎవరి ముక్క ఏ మిషన్లోకి పోతుందో రాసినవాళ్లకే తెలీదు. ఆ ముక్కలన్నిటినీ ఒకే ప్రోగ్రాముగా బిల్డ్ చేసి, ఆసుపత్రి మిషన్లకి పంపేది అతను. పోయిన వారం అలాంటి మిషన్ ఒకటి రోగి ఒంట్లోకి పదింతల మందు ఎక్కించేసింది. మనిషి పోయాడు.

"చూడమ్మా," అన్నాడు అధికారి. "కోడ్ అంతా మీ కంపెనీ దగ్గర భద్రంగా ఉంది. దాన్ని మళ్లీ బిల్డ్ చేస్తే మిషన్లో ఉన్నదే అచ్చుగుద్దినట్టు రావాలి. రావట్లేదు. అంటే మధ్యలో ఎవరో ఏదో కలిపారు. మధ్యలో ఉన్నది మీ అన్నయ్య ఒక్కడే."

"మా అన్నయ్య చీమకైనా హాని చెయ్యడు సార్!"

"చీమల సంగతి నాకెందుకు? ఐదింటికి పోలీసులొస్తారు."

గోడ గడియారంలో మూడున్నర అయింది.

"వదిలెయ్యవే," అన్నాడు అన్నయ్య నేల చూపులు చూస్తూ. "అది కలవదు."

"నువ్వు కాసేపు నోర్మూసుకుంటావా?" కసిరింది చెల్లెలు. చిన్నప్పట్నుంచీ ఇంతే, ఎవరేం అంటించినా దులుపుకోవడం రాదు ఈ మనిషికి!

రెండు ప్రోగ్రాముల్నీ పక్కపక్కన పెట్టి, మొదట్నుంచీ పోల్చడం మొదలుపెట్టింది. కళ్లు మండాయి. ఎక్కడ చూసినా ఒకేలా ఉన్నాయి. చివరికి ఒక్క చోట తేడా దొరికింది. బిల్డ్ ఏ ఫోల్డర్లో జరిగిందో ఆ పేరు ప్రోగ్రాము లోపల పడుతుంది. మిషన్లో ఉన్నదాంట్లో ఒక పేరు, ఇప్పుడొస్తున్నదాంట్లో ఇంకో పేరు. అంతే! ఆ కాస్త తేడాకే రెండూ వేరని తేల్చేస్తోంది కంప్యూటరు.

"సార్, ఎవరో ఫోల్డరు పేరు మార్చారు. పాత పేరు పెట్టి ఇంకొక్కసారి చేస్తాను."

అన్నయ్య దిగ్గున లేచాడు. "వద్దు. నీకు దణ్ణం పెడతాను, ఆపెయ్."

"భయపడకు అన్నయ్యా. నేనున్నాగా."

బిల్డ్‌కి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆమె స్క్రీన్‌నే చూసింది. అతను ఆమెనే చూశాడు.

"కలిసింది!"

కుర్చీ పడిపోయేంత వేగంగా లేచి, చెల్లెలు అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. "అచ్చు అదే వచ్చింది! నువ్వేం కలపలేదు. ఇంక ఇంటికి పోదాం పద."

అధికారి రెండుసార్లు సరిచూసుకున్నాడు. "నిజమే. ఇతను ఏమీ కలపలేదు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే తప్పు మొదట్నుంచీ కోడ్‌లోనే ఉందన్నమాట. ఆ మందు లెక్క ఎవరు రాశారో చూద్దాం." మళ్లీ కీబోర్డు ముందుకి లాక్కున్నాడు.

అన్నయ్య ఆమె చేతులు వదల్లేదు.

"ఫోల్డరు పేరు కావాలనే మార్చానే పిచ్చిదానా," అన్నాడు. "ఆ లెక్క రాసింది నువ్వే."