నాలుగు మీనార్ల నక్ష

బాలనర్సింహ మిర్చిబజ్జీ తిన్న వేళ్లను చప్పరించి, ఆ తడి వేలితోనే మురళీధర్ నక్ష మీద పొడిచాడు.

“గీ ఎర్ర కిటికీల ఏం రాసినవ్ అన్నా?”

ఎర్ర ఇంకు ఆ వేలి వెంట సాగి పక్క కిటికీలోకి పోయింది. మురళీధర్ నక్షను చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. నెల రోజుల కష్టం అది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు కావస్తోంది. దఫ్తరులో పాత ఉర్దూ రూళ్ల పుస్తకాలు అటకెక్కాయి. ఇంగ్లీషులో నాలుగు వందల పేజీల కొత్త సర్వీసు రూల్సు దిగాయి. వాటి మీద పరీక్ష. మురళీధర్‌ది టెంపరరీ ఉద్యోగం. మూడే అవకాశాలు. రెండు పోయాయి. మూడోదీ పోతే గుమాస్తాగిరీ వదిలి ఇంట్లో కూర్చోవడమే.

రెండుసార్లు పుస్తకం బట్టీ పట్టి తప్పాడు. అందుకే ఈసారి పుస్తకాన్నంతా ఒక బొమ్మగా, నక్షగా మార్చాడు. పత్తర్‌గట్టిలో పెద్ద కాగితం, నాలుగు రంగుల ఇంకు కొని చార్మినార్ గీశాడు. సెలవులు ఎర్ర మీనారు, ప్రమోషన్లు పచ్చది, శిక్షలు నీలం, పింఛను ఊదా. అంతస్తుకొక విభాగం, కిటికీకొక రూలు. కళ్లు మూసుకుంటే చాలు, మెట్లెక్కి ఏ కిటికీ దగ్గరికైనా పోగలడు.

అలాంటి నక్ష మీద ఇప్పుడు బజ్జీ నూనె!

బాలనర్సింహ నాలుగు నెలల కింద వేరే సెక్షన్ నుంచి వచ్చి ఎదుటి బల్ల దగ్గర చేరాడు. ఆనాటి నుంచి మురళీధర్‌కు అన్నం సయించడం లేదు. ఆయన తింటే చప్పుడు, తాగితే చప్పుడు. పాన్ రసం నోట్లో పెట్టుకునే మాట్లాడతాడు, తుంపరలు ఫైళ్ల మీద పడతాయి. ఇక సూపరింటెండెంట్ బాబురావు కనిపిస్తే ఒంట్లో ఎముక ఉండదు. సాబ్ చెప్పులు ఎండలో ఉంటే నీడకు జరిపేది ఈయనే, సాబ్ ఇంటికి కూరగాయల సంచి మోసేదీ ఈయనే. చూస్తేనే డోకు వచ్చేది.

“పరీక్ష దగ్గరికొచ్చింది గదన్నా,” అన్నాడు బాలనర్సింహ, పంటి సందులో ఇరుక్కున్నది గోటితో లాగుతూ. “గా నాలుగు వందల పేజీలు ఎవడు చదువుతడు? నీ నక్ష ఉంటే మస్తు ఆసాన్ అయితది. కొన్ని రోజులు ఇయ్యరాదే?”

ఎవరి చెమట, ఎవరి పాసు! మురళీధర్ ఒళ్లు మండింది. కానీ ఒక్క మాట కూడా ఎదురడగలేదు. అడిగితే ఆ నోరు మళ్లీ తెరుచుకుంటుంది.

“రేపు తెచ్చిస్త,” అన్నాడు.

శాలిబండలో ఇంటికి చేరగానే రెండో కాగితం పరిచాడు. అదే చార్మినార్, అవే రంగులు. కిటికీల్లోనే తేడా. ముప్పై రోజులున్న చోట పదిహేను రాశాడు. అప్పీలుకు మూడు నెలల గడువుంటే రెండు చేశాడు. ప్రతి పరీక్షలో తప్పక వచ్చే రూళ్లనే ఏరి ఏరి పదకొండు కిటికీలు మార్చాడు. అసలుదాన్ని కూడా ఇంత శ్రద్ధగా గీయలేదు. చివరికి వంటింట్లో నూనెగిన్నెలో వేలు ముంచి, ముఖం చిట్లించుకుంటూ, బజ్జీ మరక సైతం దాని చోట అది వేశాడు.

భార్య సూర్యప్రభ బియ్యం ఏరుతూ చూసింది.

“రెండెందుకు గీసిన్రు?”

“ఒకటి నాకు. ఒకటి పందికి.”

“అయ్యో, ఆయన నౌకరీ గిట్ట పోతే?”

“పోనీ. నేను కడుపునిండ అన్నం తింట.”

మర్నాడు బాలనర్సింహ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. “నీ ఎహసాన్ మర్చిపోనన్నా!” అంటూ జిగట చేతులతో మురళీధర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. మురళీధర్ నల్లా దగ్గరికి పోయి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.

అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక బడిలో పరీక్ష జరిగింది. మురళీధర్ వరసలన్నీ వెతికాడు. బాలనర్సింహ కనిపించలేదు. తప్పుల నక్ష చదివి మతిపోయి ఇంట్లోనే పడుకున్నాడు కాబోలు. పీడ విరగడైంది.

ప్రశ్నలు చూస్తే పది. అందులో ఎనిమిది తను మార్చిన కిటికీల్లోవే! అసలు నక్షను తలచుకుని, ఎర్ర మీనారుతో మొదలుపెట్టి ఊదా మీనారు దాకా మెట్టు తప్పకుండా ఎక్కి దిగాడు. ఆ పూట ఇంట్లో మారు వడ్డించుకుని తిన్నాడు.

మూడు వారాలకు దఫ్తరు గోడ మీద కాగితం అంటించారు. ఇరవైమంది రాస్తే పాసైనవి రెండే నంబర్లు. అందులో తనది లేదు. కింది నుంచి పైకి మళ్లీ చూశాడు. లేదు.

భుజం మీద తడి చెయ్యి పడింది. పాన్ వాసన గుప్పుమంది.

“గిట్లెట్ల అయింది అన్నా?” బాలనర్సింహ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

మురళీధర్ ఆ చేతిని విదిలించాడు. “నీకెందుకు ఫికర్? నువ్వు పరీక్షకు రానే లేదు.”

“నేనా? నేను పోయినేడే పాసయిన. నువ్వెప్పుడు అడగలే గదన్నా.”

“మరి నా నక్ష ఎందుకు తీస్కపోయినవ్?”

బాలనర్సింహ పాన్ రసం గుటక వేశాడు.

“పేపర్లు దిద్దేది మన బాబురావు సాబే గద, గా లావు బుక్కు చదువుడు ఆయనతోని కాదంటే నీ నక్ష ఇచ్చిన, దాన్నే ముంగట పెట్టుకొని అందరియి దిద్దిండు, మరి నువ్వెట్ల తప్పినవన్నా?”