మద్రాసు కార్డు

"వేలిముద్ర వేశావంటే ఇరవై రెండేళ్ళ నౌకరీ కాలవలో కలిసినట్టే, హజరత్తయ్యా. బాగా ఆలోచించుకున్నావా?"

లాకు సూపరింటెండెంటు జ్ఞానప్రకాశం సిరా మెత్తను ముందుకు జరపకుండా చేత్తో పట్టుకునే అడిగాడు.

"ఆలోచించేదేముందయ్యా? నేను ఎట్టాగూ పోయేవాణ్ణే. నాతోపాటు నౌకరీ కూడా ఎందుకు పోవాల? నా కొడుక్కి ఇప్పించండి."

బకింగ్‌హాం కాలవలో మద్రాసుకు పోయే కట్టెల పడవలకు లాకు తలుపులు తీసి మూసే లస్కరు హజరత్తయ్య. నాలుగు నెలలుగా గొంతులో పుండు. మద్రాసు ఆసుపత్రిలో కొంచెం కండ కోసి పరీక్షకు పంపి, సంగతి కార్డు రాస్తామన్నారు. కార్డు మొన్ననే వచ్చింది.

కొడుకు చెంచురామయ్య థర్డుఫారం చదివి, పనీపాటా లేక, పెళ్ళాంబిడ్డలతో సహా తండ్రి జీతం మీదే బతుకుతున్నాడు. కార్డు చూసి లాకు గోడకు తల బాదుకుని ఏడ్చాడు. "రాచపుండంట సార్! రెండు మూడు నెలలంట!" అన్నాడు. నాయన కంటబడితే గుండె ఆగిపోతుందని కార్డును అప్పుడే పొయ్యిలో పెట్టేశాడట.

ఊరంతా అయ్యో అంది. పోస్టుమాన్ ఓబయ్య నోట్లో నువ్వుగింజ నానదు. జ్ఞానప్రకాశం కూతురికి మగపిల్లాడు పుట్టిన సంగతి లాకంతా చాటాకే ఉత్తరం తెచ్చి ఆయన చేతిలో పెట్టిన ఘనుడు. అలాంటివాడు కూడా హజరత్తయ్య మాటెత్తితే సంచి సర్దుకుని, పలక్కుండా వెళ్ళిపోయాడు.

"నీ కంట చుక్క నీరు రాలేదేమయ్యా?" అన్నాడు జ్ఞానప్రకాశం.

"నా బదులు వాడేడ్చినాడు గదయ్యా. బుద్ధెరిగినాక వాడు నా కోసం ఏడవడం అదే మొదలు." హజరత్తయ్య నవ్వి బొటనవేలు చాచాడు.

జ్ఞానప్రకాశం మంచివాడు. మంచివాళ్ళు ఒకపట్టాన ఊరుకోరు. ఇంజినీరు కాళ్ళావేళ్ళా పడి చెంచురామయ్యకు నౌకరీ ఇప్పించాడు. డాక్టరు సర్టిఫికెట్టు ఉంటే ముసలాయనకూ ఏదో కొంత సాయం అందుతుందని, ఎవరికీ చెప్పకుండా మద్రాసుకు జాబు రాశాడు.

నెలన్నరకు జవాబొచ్చింది. చదివీ చదవగానే గొడుగైనా తీసుకోకుండా బయలుదేరాడు.

లాకు మీద చెంచురామయ్య కాకీ చొక్కాలో పడవవాళ్ళను గదమాయిస్తున్నాడు. "నాయన ఇయ్యాలో రేపో అన్నట్టుండాడు సార్" అని కళ్ళు తుడుచుకున్నాడు. జ్ఞానప్రకాశం ఆ మొహం కేసి చూడను కూడా చూడలేదు.

ఇంటి వెనక తాటాకు పంచలో, పిల్లలకు అంటుకుంటుందని దూరంగా వేసిన కుక్కిమంచం. దాని మీద ఎముకల గూడు. పక్కన సొట్టల సత్తుగిన్నెలో గంజి, గంజి మీద ఈగలు.

"తినడు సార్. పోయేవాడికి తిండి దండగంటాడు" అంది కోడలు ఇందిరమ్మ వాకిట్లోంచే. "మేమూ బలవంతం చెయ్యం."

జ్ఞానప్రకాశానికి ఒళ్ళు మండిపోయింది. మంచం మీదికి వంగాడు.

"హజరత్తా! నీకు రాచపుండు లేదయ్యా. మామూలు పుండే! ఆ కార్డులో రాసిందీ అదేనట. నీ కొడుకు అబద్ధమాడాడు. పొద్దుగూకే లోపల వాడి చొక్కా విప్పిస్తా. లే, ముందు అన్నం తిను!"

హజరత్తయ్య ఆయన చేతిలోని మద్రాసు జాబు అందుకున్నాడు. గంజిగిన్నెలో ముంచి, సిరా కరిగేదాకా అలాగే పట్టుకున్నాడు.

"వాడి నౌకరీ జోలికి పోవద్దయ్యా. నాలుగు రోజులు ఆగండి, చాలు."

"మతి పోయిందా నీకు? నీకే జబ్బూ లేదంటుంటే!"

లాకు మీద కొడుకు కేక వినిపించింది. హజరత్తయ్య అటు తల తిప్పి కాసేపు విన్నాడు.

"కార్డు ముందు నాకే చదివినాడయ్యా ఓబయ్య."