ఒప్పుకున్న దొంగతనం

ఊరివాళ్లారా, యాదవ్వను దొంగను చేసింది మీరే. బాలింతకు కారమెంత, ఎల్లిపాయెంత అని చూసి చూసి పెడతారు. "మనసెట్లున్నది బిడ్డా?" అని ఒక్కరన్నా అడిగారా?

తొంభై ఆరులో రోజారాణి మూడు నెలల పాపతో శామీర్‌పేటలోని అత్తగారింటికి వచ్చింది.

పాపకు నీళ్లు పోయడానికి లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఒక ముసలామె రోజూ నడిచి వచ్చేది. పేరు యాదవ్వ. ముందూ వెనకా ఎవరికీ తెలియదు. పూట బువ్వ పెడితే చాలంది.

రోజారాణి నవ్వదు. పాప ఏడ్చినా గోడనే చూస్తుంది. భర్త దేవేందర్ చెయ్యి వేస్తే ముడుచుకుపోతుంది.

"మొగణ్ని దగ్గరికి రానియ్యదట! మేం కనలేదా పిల్లల్ని?" అత్త ముత్తమ్మ వాడకట్టంతా వినేటట్టు అనేది.

దేవేందర్ అలిగి మంచం బయట వేసుకున్నాడు.

యాదవ్వ అతన్ని ద్రాక్షతోట కాడ పట్టుకుంది.

"కొడుకా, అలుగుడు బందువెట్టు."

"నేనేం జేసిన అవ్వా? నా మొకం గూడ సూస్తలేదు."

"నువ్వేం జెయ్యలే. ఆ పిల్ల గూడ ఏం జెయ్యలే. ముట్టకు. పక్కకు కూసో. తిన్నవా అని అడుగు. గంతే."

"నీళ్లు వోసేదానివి, నాకు సంసారం నేర్పుతవా?"

మూడో రోజు ద్రాక్షకు కొట్టే పురుగుల మందు డబ్బా కనబడలేదు. మూతైనా తీయని కొత్త డబ్బా.

"ఇంకెవలు? గా ముసల్దే!" అంది ముత్తమ్మ.

దేవేందర్ యాదవ్వ సంచి గుంజి కింద గుమ్మరించాడు. సున్నిపిండి, ఆముదం సీసా. అంతే.

"నిజం జెప్పు. నువ్వే తీసినవా?"

యాదవ్వ గడపలో నిలబడ్డ రోజారాణిని చూసింది. రోజారాణి తల వంచుకుంది.

"నేనే తీసిన. అమ్ముకున్న."

ముత్తమ్మ చీపురందుకుంది. వాడకట్టు చేరింది. ఎవరో ఉమ్మేశారు.

పోతూ పోతూ యాదవ్వ ఆగింది.

"కొత్త డబ్బ కొంటే ఇంట్ల వెట్టకు కొడుకా. తోటల వెట్టి తాళమెయ్యి."

"దొంగది తాళం ముచ్చట జెప్తాంది సూడుండ్రి!"

అందరూ నవ్వారు. దేవేందర్ తాళమైతే వేశాడు.

ఆ తర్వాత నీళ్లు పోయమని యాదవ్వను ఏ ఇంటివాళ్లూ పిలవలేదు.

రోజారాణిని తల్లి వచ్చి మేడ్చల్ డాక్టరమ్మకు చూపించింది. కోలుకోవడానికి నెలలు పట్టింది. "తిన్నవా?" అనడం దేవేందర్‌కు ఎప్పుడు అలవాటైందో అతనికే తెలియదు. ఒకనాడు ఆమే వచ్చి అతని భుజానికి ఆనుకుని కూర్చుంది.

ఏడాది తిరిగాక ఒక పొద్దున పాలు పోసే గాలయ్య చెప్పాడు.

"దొంగ యాదవ్వ రాత్రి సచ్చిపోయిందట. మోసేటోళ్లు గూడ లేరట."

"పోనీ, పీడ వోయింది," అంది ముత్తమ్మ.

రోజారాణి పాపను అత్త ఒళ్లో పెట్టి భర్త ముందుకు వచ్చి నిలబడింది.

"ఆ దినం డబ్బ తీసింది నేను. తాగుదామని మూత మీద చెయ్యి వెట్టిన. యాదవ్వ నా చేతులకెల్లి గుంజుకున్నది. ఎవలికీ జెప్పకవ్వా అని కాళ్లు వట్టుకున్న. జెప్పలే. నేను నోరు మూసుకొని సూసిన."

కూర్చున్న దేవేందర్ తలెత్తి ఆమెను చూశాడు.

"ఏం సూస్తున్నవ్? లే. ఆమె దొంగ గాదని ఊరందరి ముంగట జెప్పాలె. ముందుగాల పోయి పాడెకు భుజం వట్టు!"