పిల్లి చెప్పిన వాన

పిల్లి బీరువా మీదికి దూకిందంటే ఆ పూట వాన ఖాయం.

రంగులాయన ఇంట్లో ఇది ఏళ్ల తరబడి తప్పని లెక్క. బట్టలకు రంగులు వేయడం ఆయన పని. తొట్లలోంచి తీసిన తానులను పెరట్లో తాళ్ల మీద ఆరేస్తాడు. పచ్చిరంగు మీద నాలుగు చినుకులు పడ్డాయా, ఎరుపు వెళ్లి పసుపులో కలుస్తుంది. కష్టమంతా మట్టిపాలు. తొట్ల ఘాటుకు ఆయన ముక్కు ఏనాడో మొద్దుబారింది. మనిషి పెరట్లో ఉన్నా, చూపు మాత్రం కిటికీలోంచి బీరువా మీదే ఉంటుంది.

ఎండ కాస్తుండగానే పిల్లి ఉలిక్కిపడి లేచేది. మూతి ముడిచి, తోక లావు చేసుకుని ఒక్క దూకు దూకేది. ఆయన పెరట్లోకి పరుగు. ఆయన పరుగు చూసి వీధిలో ఆడవాళ్లంతా ఆరేసిన బట్టలు తీసేసేవారు. తానులు లోపలికి చేరేసరికి చినుకు మొదలు. పిల్లి ఆ పైనే చుట్ట చుట్టుకుని వాన వెలిసేదాకా నిద్రపోయేది. దిగాక తడి నేల మీద కాలు పెట్టి, విదిలించి, ఆ నీళ్లు మనమే పోసినట్టు అందరినీ కోపంగా చూసేది.

పిల్లి చెవుల్లో వెంట్రుకలకు గాలిలో తేమ తెలిసిపోతుందని ఆయన సిద్ధాంతం. వచ్చినవాడికల్లా విప్పి చెప్పేవాడు. చేపముక్క ముందు దానికి, తర్వాతే ఇంట్లోవాళ్లకు. ఇంట్లోవాళ్లంటే ఆయన భార్య ఒక్కతే.

ఒకరోజు బట్టల కొట్టు యజమాని వచ్చాడు. నాటకాల కంపెనీకి తెరలు కావాలట. పెద్ద పని. వాన భయం లేదు కదా అని యజమాని అడిగితే, రంగులాయన పిల్లిని నిమురుతూ, ఈ ఇంట్లో పనిచేసేది ఇదొక్కటేనండీ అన్నాడు.

తొట్టికి నీళ్లు మోస్తున్న భార్య బకెట్టు కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"అయితే దానితోనే కాపురం చేసుకోండి."

సాయంత్రానికల్లా అక్క ఇంటికి వెళ్లిపోయింది. ఆయన ఆపలేదు. పిల్లిని తీసుకుపోలేదు, అదే పదివేలు అనుకున్నాడు.

తెరలు ఆరేసిన రోజు మబ్బు కమ్మింది. ఆయన పిల్లివైపు చూశాడు. అది బల్ల కింద వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతోంది. ఇక వానెక్కడిదని ధీమాగా కూర్చున్నాడు. కుండపోత. తెరలన్నీ ఒకే రంగయ్యాయి. ఆ రంగుకు పేరు లేదు.

కొట్టు యజమాని తిట్టాల్సినంత తిట్టి, మళ్లీ గుడ్డ పంపాడు. ఇదీ పాడైతే నీ గడప తొక్కనన్నాడు.

రంగులాయన పిల్లికి రకరకాల చేపలు పెట్టాడు. టార్చిలైటు వేసి చెవుల్లోకి చూశాడు. బతిమాలాడు. తిట్టాడు. అది ఒళ్లు విరుచుకుని ఇంకో పక్కకు తిరిగి పడుకుంది. వానలు చెప్పాపెట్టకుండా వచ్చిపోతున్నాయి. ఆయనకు చివరికి ఒకటే తోచింది. యజమానురాలి మీద బెంగతో పిల్లి విద్య మరిచిపోయింది.

దాన్ని బుట్టలో పెట్టుకుని తోడల్లుడి ఇంటికి వెళ్లాడు.

ఎండ ఫెళ్లున కాస్తోంది. పిల్లి బుట్టలోంచి దూకి భార్య ఒళ్లో చేరింది. ఆయన గడపలో నిలబడే తెరల గొడవంతా చెప్పుకున్నాడు. ఆమె పిల్లిని దించి లోపలి గదిలోకి వెళ్లింది. కాసేపటికి వచ్చి మళ్లీ పీట మీద కూర్చుంది.

పిల్లి ఉలిక్కిపడింది. మూతి ముడిచింది. ఒక్క దూకున తోడల్లుడి బీరువా ఎక్కేసింది.

"వాన వస్తోంది, బట్టలు తీయండి," అని రంగులాయన కేక పెట్టాడు.

తోడల్లుడు ఆకాశం వైపు చూశాడు. "ఏం తమ్ముడూ, ఎండదెబ్బ తగిలిందా?"

తోడల్లుడు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా, పెరట్లో ఆయన చొక్కాలు తడిసి ముద్దయ్యాయి.

రంగులాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశావా? నువ్వు లేకపోతే పిల్లి కూడా పనిచెయ్యదే. ఇంటికి రావే."

"ఆ ఇంట్లో పనిచేసేది ఎవరో ఇంకోసారి చెప్పండి."

ఆయన బీరువా మీదికి చూశాడు. ఆమె వైపు చూశాడు. గొప్పంతా ఆమెకే ఇవ్వడానికి మనసొప్పలేదు.

"పిల్లీ, నువ్వూ."

"సరే. రేపు పొద్దున వెళ్దాం లెండి."

ఆమె నవ్వు ఆపుకుని అటు తిరిగి, ఎప్పుడూ మబ్బు కంటే ముందే సలపడం మొదలెట్టే తన మోకాలికి, వాసన తగిలితే చాలు పిల్లి కింద నిలవని ఆ తైలాన్ని ఇంకాస్త రాసుకుంది.