ఇంకా దగ్గరికి

"అందరూ దూరపువి చూపించే లెన్సుల కోసం ఎగబడతారు. మీరేంటి బామ్మగారూ, వచ్చిన ప్రతిసారీ ముందుదానికన్నా పొట్టిది అడుగుతారు?"

కినుయో బామ్మ తిరిగిచ్చిన పొడుగాటి లెన్సును తుడుస్తూ నవ్వాడు ఇసోగాయ్. జపాన్‌లోని అకితాలో పాత ఫిల్ము కెమెరాలు అమ్మే కొట్టు అతనిది.

"అది కొండమీద ఉన్నప్పుడు పనికొచ్చిందిలే. ఇప్పుడెందుకు?"

"ఏది?"

"మా ఎలుగుబంటి," అంది బామ్మ, పక్కింటి పిల్లి సంగతి చెబుతున్నట్టు. "పోయిన నెల పెరట్లోకి వచ్చింది. పెర్సిమన్ చెట్టెక్కి, చిటారు కొమ్మన పక్షులకని వదిలిన పళ్లలో సగం తినేసింది."

ఇసోగాయ్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఎలుగుబంట్లు వస్తున్నాయి, పళ్లన్నీ కోసేయమని ఊరంతా మైకులో మొత్తుకుంటున్నారు కదండీ!"

"మా అత్తగారి నాటి నుంచీ వదులుతున్నాం. పక్షుల నోటి దగ్గరిది లాక్కుంటామా? సరేలే, నీలాంటివాళ్ల గోల పడలేక మిగిలినవి ఒక్కటి లేకుండా కోసేశా."

"హమ్మయ్య!" ఇసోగాయ్ తేలికపడి, ఒక జూమ్ లెన్సు తీసి బామ్మ కెమెరాకు బిగించాడు. "ముప్పై అయిదు నుంచి డెబ్బై మిల్లీమీటర్లు. ఇటు తిప్పితే ఇల్లంతా పడుతుంది, అటు తిప్పితే మొహం ఒక్కటే. అన్నిటికీ ఇదే చాలు. ఇంతకీ కోసిన పళ్లేం చేశారు?"

"ఏం చేస్తాం? ఎప్పట్లాగే తొక్క తీసి, తాళ్లకి కట్టి, వంటింటి కిటికీ ముందు వేలాడదీశా. ఎండుతున్నాయి."

"కిటికీ ముందా! మరి ఎలుగుబంటి?" అన్నాడు ఇసోగాయ్.

బామ్మ కెమెరా కంటికి ఆనించుకుని, బల్ల మీదుగా వంగి, అతని మొహం మీదికి వచ్చింది. లెన్సు చివరిదాకా తిప్పింది.

"ఇంత దగ్గరైతే మసకేస్తోందేం అబ్బాయ్? ఇంకా దగ్గరివి పట్టేది లేదూ?"